చేదు విడగొట్టిన చేతులు

మామిడి టెంకల అంబలి గురించి మన పిల్లలు మొదట వినేది వార్తల్లోనే. అదీ ఎక్కడో ఎవరైనా చనిపోయినప్పుడు. "తిండి లేక టెంకలు తిన్నారు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ అంబలి వెనక ఎంత పని ఉందో, ఎంత తెలివి ఉందో ఆ వాక్యంలో ఉండదు. మన చరిత్ర రాసేటప్పుడు పితూరీలు రాస్తాం, నాయకుల పేర్లు రాస్తాం. రాయాలి కూడా. కానీ చేదును, విషాన్ని విడగొట్టి తిండి చేసిన ఆడవాళ్ళ చరిత్ర ఒకటి ఉంది. దానికి తేదీలు లేవు, కాబట్టి పాఠంలోకి ఎక్కలేదు.

టెంక సంగతే చూద్దాం. ఎండల చివర పళ్ళు తిన్నాక టెంకలు పోగేస్తారు. బాగా ఎండబెట్టి పగలగొట్టి లోపలి జీడి తీస్తారు. ఆ జీడి పచ్చిగా నోట్లో పెట్టుకుంటే నాలుక ముడుచుకుపోతుంది. అది వగరు, సైన్సు పుస్తకంలో టానిన్ అని చెప్పేది అదే. జీడిని నానబెట్టి, దంచి, నీళ్ళు మార్చి మార్చి కడిగితే వగరు దిగుతుంది. బుట్టలో వేసి పారే వాగులో కట్టేవాళ్ళూ ఉన్నారు. తర్వాత మళ్ళీ ఎండబెట్టి పిండి కొట్టి వానాకాలానికి దాచుకుంటారు. పొయ్యి మీద అటక ఎందుకు కట్టారో ఇక్కడ అర్థమవుతుంది. పొగ, వేడి తగిలే చోట బూజు పట్టదు, పురుగు చేరదు.

చేదు దుంపలది ఇంకా కష్టమైన పని. కొన్ని అడవి దుంపల్లో నిజంగానే విషం ఉంటుంది. పల్చగా తరిగి రోజుల తరబడి పారే నీటిలో ఉంచాలి. ఒక్క రోజు తగ్గినా గొంతు మండుతుంది, వాంతులు, తల తిరుగుడు. పల్చగా తరగాలని, నీరు పారుతూ ఉండాలని మొదట ఎవరు కనిపెట్టారు? ఎవరో ఒకామె మందంగా తరిగి ఉంటుంది. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికో బాగోలేక ఉంటుంది. తెల్లారి పక్కింటి ఆమెతో "అలా చెయ్యకే" అని ఉంటుంది. నాకు తోచినంతలో మన వంట అంతా అలా పుట్టిందే.

1940ల మొదట్లో హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో తిరిగారు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. జీలుగు చెట్టు కొట్టి, మొద్దు లోపలి గుజ్జు దంచి, కడిగి, అడుగున దిగిన పిండితో కడుపు నింపుకోవడం అందులో ఉంది. మామిడి జీడి సంగతీ ఉంది. అయితే అప్పటికే మన వంటిల్లు చాలా దెబ్బలు తిని ఉంది. ఇంటి కోసం గీసుకునే కల్లు మీద కూడా పన్ను, ఆంక్ష పెట్టడం 1879 రంప పితూరీకి ఒక ముఖ్య కారణం. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు, అడవి మీద పట్టు బిగిసింది. చోళ్ళు, సామలు పండే నేల తగ్గితే దుంప మీద, జీడి మీద భారం పెరుగుతుంది. అప్పుడప్పుడు తినేది కరువు తిండి అయింది.

తర్వాత బియ్యం వచ్చింది. 1983లో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆకలి తెలిసినవాళ్ళు ఎవరూ చెయ్యరు. కానీ సామలు ఉడికించే చేతికి ఆ బియ్యం కొత్త. నీళ్ళు ఎంత పొయ్యాలో తెలియక ముద్ద చేసినవాళ్ళు, అడుగంటించినవాళ్ళు ఉన్నారని మా పెద్దమ్మలు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. గంజి పారబొయ్యకుండా అంబలిలో కలపడం వాళ్ళ సొంత ఉపాయం.

ఇక 2001. ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్‌లో టెంకల జావ తాగి ఇరవై మందికి పైగా ఆదివాసులు చనిపోయారు. బూజు పట్టిన జీడి వల్ల అని అధికారులు, ఆకలి వల్ల అని మిగతావాళ్ళు వాదించుకున్నారు. నాకు ఈ రెండూ వేరు మాటలుగా కనబడవు. ఇంట్లో బియ్యం ఉంటే బూజు పట్టినదాన్ని ఏ తల్లీ పొయ్యి మీద పెట్టదు. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్ళీ అలాగే ఆడవాళ్ళు చనిపోయారు, అప్పుడూ రేషను సంగతి చర్చకు వచ్చింది. నాకు భయం ఇంకొకటి ఉంది. బూజు వాసన పట్టి "ఇది పారెయ్" అని చెప్పే ముసలమ్మ ఇంట్లో లేకపోతే? చెప్పినా వినేవాళ్ళు హాస్టల్లో ఉంటే?

ఆ 2001లోనే, నవంబరు 28న, బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మన బడుల్లో వండేది మన ఆడవాళ్ళే. ఇంట్లో అయిదుగురికి వండిన చెయ్యి వందమందికి సాంబారు కాచడం నేర్చుకుంది, ఉప్పు ఎక్కువైన రోజులతో సహా.

ఈ మధ్య ఏడో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాను. ఇంట్లో ఏం వండుతారు అని కాదు, వంటలో ఏం చెడింది, ఎవరు ఏం చెప్పారు అని అడిగి రమ్మన్నాను. ఎలా వండుతారు అంటే ఇంట్లో రెండు ముక్కలు చెబుతారు. ఏం చెడింది అంటే కథ మొదలవుతుంది. వెదురు కొమ్ములు మూత పెట్టి ఉడికించకూడదట, మొదటి నీళ్ళు పారబొయ్యాలట. అందులోని సైనైడు ఆవిరితో, నీళ్ళతో పోతుందని నేను బోర్డు మీద రాశాను. చోడి పిండి నేరుగా మరిగే నీళ్ళలో పోస్తే ఉండలు కడుతుందట, చల్లనీళ్ళలో కలిపి పొయ్యాలట. ఒకడి నాన్న బొంగులో చికెన్ కాల్చడానికి ఎండు బొంగు తెస్తే కూర కంటే ముందు బొంగే కాలిపోయిందట. క్లాసంతా నవ్వింది.

ఒక అమ్మాయి మాత్రం నాలుగు ముక్కలే రాసుకొచ్చింది. జీడి బుట్ట వాగులో కట్టేటప్పుడు మంచినీళ్ళు ముంచుకునే చోటికి కింద కట్టాలి, పైన కాదు. వాళ్ళ అవ్వ చెప్పిందట. ఎందుకు అని అవ్వను అడిగావా అంటే, "అడిగాను సార్, ఒకసారి పైన కట్టారంట" అంది.