గని ప్లానులలో బ్లాకుల చేర్పు

క్యాడ్ సాఫ్ట్‌వేరుతో గీసే గని ప్లానులలో ఒకే గుర్తును అనేక స్థానాలలో స్క్రిప్టు ద్వారా ఉంచే ప్రక్రియను బ్లాకుల చేర్పు అంటారు. ఒకసారి గీసి, పేరు పెట్టి, భద్రపరచిన రేఖల సముదాయమే బ్లాకు. దానిని అన్ని అక్షాల వెంబడి ఒకే నిష్పత్తిలో పెంచడం లేదా తగ్గించడం సమ స్కేలింగు అనబడుతుంది. సర్వే స్టేషను, బోర్‌హోల్, షాఫ్టు, ఉత్తర దిశ బాణం మొదలైన గుర్తులు సాధారణంగా బ్లాకుల రూపంలో ఉంటాయి.

నేపథ్యం

తెలంగాణలోని బెల్లంపల్లి సింగరేణి బొగ్గు క్షేత్రంలోని పాత గని పట్టణాలలో ఒకటి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, ఆ తరువాత మంచిర్యాల జిల్లాలో చేరింది. ఈ పట్టణ పరిసరాలలో అనేక భూగర్భ గనులు మూతబడ్డాయి. మూతబడిన గనిలోని గ్యాలరీలలో నీరు నిలుస్తుంది కనుక, పక్కన పనిచేసే గనికి పాత గని ప్లాను ప్రాణాధారమైనది. బొగ్గు గనుల నిబంధనలు, 1957 లోని 127వ నిబంధన ప్రకారం, నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు ముందస్తు అనుమతి లేకుండా తవ్వరాదు. ఈ నిబంధనల స్థానంలో 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించారు. భూగర్భంలో దూరాన్ని కంటితో చూసి అంచనా వేయడం సాధ్యం కాదు. ప్లానుపై కొలవవలసి ఉంటుంది.

గని ప్లానులలో వాడవలసిన గుర్తులను నిబంధనలే నిర్దేశిస్తాయి. అందువలన ఒకే రకం గుర్తు ఒకే ఆకారంలో, సరియైన స్థానంలో పడడం ముఖ్యం.

ప్లాను స్కేలు, బ్లాకు స్కేలు

క్యాడ్‌లో భూమిని అసలు కొలతలతోనే, సాధారణంగా ఒక మీటరు ఒక యూనిట్‌గా గీస్తారు. 1:2000 స్కేలులో ముద్రించినపుడు కాగితంపై 1 మిల్లీమీటరు భూమిపై 2 మీటర్లకు సమానం. కాబట్టి మిల్లీమీటరును ఒక యూనిట్‌గా తీసుకుని గీసిన గుర్తుకు బ్లాకు స్కేలు 2 అవుతుంది. ప్లాను 1:1000 అయితే 1, 1:5000 అయితే 5.

అయితే ఈ లెక్క కేవలం గుర్తులకే వర్తిస్తుంది. షాఫ్టు చుట్టుకొలత వంటి అసలు పరిమాణం గల ఆకారాన్ని మీటర్లలో గీసి ఉంటే, ప్లాను స్కేలు ఏదైనా దాని బ్లాకు స్కేలు 1 గానే ఉండాలి. ఎక్స్, వై అక్షాలకు వేరువేరు స్కేళ్లు ఇస్తే వృత్తాకారపు షాఫ్టు దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. ఎక్స్ స్కేలు ఒక్కటే రుణసంఖ్య అయితే గుర్తు అద్దంలోని ప్రతిబింబం వలె తిరగబడుతుంది.

స్క్రిప్టు పనిచేసే విధం

ఆటోడెస్క్ సంస్థ ఆటోక్యాడ్‌ను 1982లో విడుదల చేసింది. ఆటోలిస్ప్ భాష అందులో 1986లో చేరింది. స్క్రిప్టు ఫైలు అంతకంటే సరళమైనది. కమాండ్ అడిగే ప్రశ్నలకు సమాధానాలను వరుసగా వ్రాసి ఉంచడమే. ఇన్సర్ట్ కమాండ్‌కు ముందు హైఫన్ పెడితే డైలాగు పెట్టె తెరుచుకోకుండా బ్లాకు పేరు, స్థానం, ఎక్స్ స్కేలు, వై స్కేలు, భ్రమణ కోణం, ఆపై ఆట్రిబ్యూట్ విలువలు వరుసగా అడుగుతుంది. స్క్రిప్టులో ఖాళీ అక్షరం కూడా ఎంటర్ మీటగానే పరిగణించబడుతుంది.

స్క్రిప్టుకు ప్రశ్న ఏమిటో తెలియదు. వరుస మాత్రమే తెలుసు. పొరపాట్లకు మూలం ఇదే.

సమ స్కేలింగు వలన కలిగే చిక్కు

ఆటోక్యాడ్ 2006 కూర్పు నుండి బ్లాకును నిర్వచించేటపుడే అది సమంగా మాత్రమే స్కేలు కావాలని నిర్ణయించవచ్చు. అట్టి బ్లాకు విషయంలో ఎక్స్, వై స్కేళ్లకు బదులు ఒకే స్కేలు అడుగబడుతుంది. పాత స్క్రిప్టు మాత్రం 2, 2, 0 అని మూడు సమాధానాలు ఇస్తుంది. మొదటి 2 స్కేలుగా, రెండవ 2 భ్రమణ కోణంగా స్వీకరించబడతాయి. గుర్తు 2 డిగ్రీలు తిరుగుతుంది. ఈ తేడా కంటికి సులభంగా ఆనదు. కానీ ఆ దిశలో 100 మీటర్లు పొడిగిస్తే సుమారు 3.5 మీటర్లు పక్కకు పోతుంది. మిగిలిన 0 బ్లాకులోని మొదటి ఆట్రిబ్యూట్‌కు చేరుతుంది. సర్వే స్టేషను ఎత్తు అక్కడ ఉండవలసినదైతే, ఎత్తు 0 గా నమోదవుతుంది.

దీనికి పరిష్కారం, స్థానం అడిగిన వెంటనే స్కేల్ ఎంపికను పిలిచి ఒకే విలువ ఇవ్వడం. తరువాత స్థానం, కోణం మాత్రమే మిగులుతాయి. ఈ వరుస రెండు రకాల బ్లాకులకూ సరిపోతుంది.

ఆబ్జెక్ట్ స్నాప్ కూడా గమనించదగినది. కీబోర్డుపై టైపు చేసిన నిర్దేశాంకాలకు సాధారణంగా స్నాప్ అడ్డురాదు, కానీ స్క్రిప్టులోని నిర్దేశాంకాలకు ఈ మినహాయింపు లేదు. కాబట్టి స్క్రిప్టు మొదట్లోనే స్నాప్‌ను ఆపివేయాలి. లేనిచో బ్లాకు సమీపంలోని రేఖ కొనకు అతుక్కుపోవచ్చు.

చేర్చిన బ్లాకుల పరిమాణం మార్చడం

1:2000 ప్లాను నుండి 1:1000 ప్లాను తయారుచేయాలంటే గుర్తులను సగానికి తగ్గించాలి. గుర్తులన్నిటినీ ఎంచుకుని, ఒకే ఆధార బిందువుతో స్కేల్ కమాండ్ వాడితే గుర్తులతో పాటు వాటి మధ్య దూరాలు కూడా సగమవుతాయి. 60 మీటర్ల దూరం 30 మీటర్లవుతుంది. ప్రతి బ్లాకునూ దాని చేర్పు బిందువు ఆధారంగానే తగ్గించాలి. ఆటోలిస్ప్‌లో బ్లాకు వివరాలలోని 41, 42, 43 సంకేతాల విలువలను సమానంగా మారిస్తే స్థానం చెదరదు.

తనిఖీ

స్క్రిప్టు ఆగకుండా ముగిసినంత మాత్రాన ప్లాను సరియైనదని చెప్పలేము. బ్లాకుల సంఖ్య, స్థానాలు, స్కేళ్లు, కోణాలు, ఆట్రిబ్యూట్‌లను పట్టికగా రాబట్టి సర్వే పుస్తకంలోని విలువలతో పోల్చాలి. స్కేలు గడులలో అసమాన సంఖ్యలు, కోణం గడిలో స్కేలుకు సమానమైన సంఖ్య, ఎత్తు గడిలో 0 కనిపిస్తే సమాధానాల వరుస తప్పినట్లు అనుమానించవలెను.

ఇవి కూడా చూడండి

* సింగరేణి కాలరీస్ కంపెనీ
* బెల్లంపల్లి
* ఆటోక్యాడ్
* బొగ్గు గని