తొలగింపునకు అనుమతి: ఒక తాళము పూర్వకథ

స్వంత ధనముతో కొని ఇంటికి తెచ్చుకొన్న కంప్యూటరు నుండి అక్కరలేని ప్రోగ్రాము నొకదానిని తీసివేయబోవునపుడు, ఆ పనికి అనుమతి లేదను మాట తెరపై కనబడుట అరుదు కాదు. యంత్రము తనది, విద్యుచ్ఛక్తికి డబ్బు చెల్లించువాడు తానే, అయినను యంత్రము తననే కాదనుచున్నది! ఇది యంత్రదోషమని పలువురు తలంతురు. నిజమునకు ఇది దోషము కాదు. పలువురు పంచుకొను యంత్రముపై ఒకరి సొత్తును మరియొకరి నుండి కాపాడుటకు 1960 తరువాతి సంవత్సరములలో వేసిన తాళము, క్రమముగా ఇంటి యంత్రములోనికి వచ్చి చేరినది. ఆ తాళము చరిత్ర తెలిసినవానికి దానిని ఎట్లు తీయవలెనో తెలియును. ఎప్పుడు తీయరాదో అదియును తెలియును.

పంచుకొన్న యంత్రము

తొలినాటి కంప్యూటరులు ఒకరి పని ముగిసిన పిదపనే మరియొకరి పనిని చేపట్టెడివి. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కార్బాటో, ఆయన సహచరులు ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. దానికి సి.టి.ఎస్.ఎస్. అని పేరు. అందరి ఫైళ్లును ఒకేచోట నిలువయుండుటచే ఎవరి ఫైళ్లు వారికే దక్కునట్లు చూడవలసివచ్చెను. అందుకై ఒక్కొక్కరికి ఒక రహస్యపదము నిచ్చిరి. 1965లో ఆరంభమైన మల్టిక్స్ అను పెద్ద ప్రయత్నము మరియొక అడుగు ముందుకు వేసెను. ఒక్కొక్క ఫైలునకు ఒక జాబితా. దానిని ఎవరు చదువవచ్చునో, ఎవరు మార్చవచ్చునో ఆ జాబితా చెప్పును.

మల్టిక్స్ నుండి బెల్ ప్రయోగశాలలు 1969లో వైదొలగినవి. ఆ యేడే అచ్చటి కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ఒక చిన్న యంత్రముపై యూనిక్స్ అను వ్యవస్థను ఆరంభించిరి. అందు ప్రతి ఫైలునకు ఒక యజమాని యుండును. చదువుట, వ్రాయుట, నడుపుట అని అనుమతులు మూడు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1 అని లెక్క. పిమ్మట స్థిరపడిన రూపములో యజమానికి, అతని బృందమునకు, ఇతరులకు ఒక్కొక్క అంకె చొప్పున మూడంకెలుండును. 644 అనగా యజమాని చదువవచ్చును, వ్రాయవచ్చును. తక్కినవారు చదువవచ్చును, అంతియే.

హాజరుపట్టీ ఉపమానము

ఇచ్చట విద్యార్థులు తరచుగా పొరబడు విషయ మొకటి కలదు. యూనిక్స్‌లో ఒక ఫైలును తొలగించుటకు ఆ ఫైలుపై అనుమతి అక్కరలేదు. అది యున్న డైరెక్టరీపై వ్రాయు అనుమతి కావలెను. డైరెక్టరీ యనునది తరగతి హాజరుపట్టీ వంటిది. అందులో ఫైళ్ల పేర్లుండును. ఒక పేరును కొట్టివేయుటకు ఆ విద్యార్థి అనుమతి కాదు, పట్టీపై వ్రాయు అధికారము కావలెను. కావుననే ఒకడు తన ఫైలునే తొలగింపలేకపోవచ్చును. మరియొకడు తాను తెరచి చదువనైనను లేని ఫైలును తొలగింపగలుగవచ్చును. ప్రోగ్రాములుండు డైరెక్టరీలు సాధారణముగా వ్యవస్థాధికారి సొత్తు. అందుచేతనే సామాన్యుడు వానిని అచ్చటినుండి తీసివేయలేడు.

తాళము లేని ఇల్లు

1981లో ఐ.బి.ఎం. సంస్థ వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినపుడు దానిపై నడచిన డాస్ వ్యవస్థలో ఈ ఏర్పాట్లేవియు లేవు. యంత్రము నొక్కడే వాడునపుడు తాళమెందులకు? ప్రోగ్రామును తీసివేయవలెనన్న దాని ఫైళ్లను చెరిపివేసిన చాలును. కాని ఆ స్వేచ్ఛ యజమానికి మాత్రమే కాదు, యంత్రములోనికి దూరిన ప్రతి ప్రోగ్రామునకును దక్కెను. వైరసులు ఆ తలుపుగుండానే ప్రవేశించినవి.

1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. వ్యవస్థలో తాళములు మరల కనబడినవి. డేవిడ్ కట్లర్ నాయకత్వమున నిర్మింపబడిన ఈ వ్యవస్థలో ప్రతి ఫైలునకు యజమాని, అనుమతుల జాబితా ఉండును. 2001లో విండోస్ ఎక్స్‌పి ద్వారా ఈ ఏర్పాటు సామాన్య గృహములకు చేరినది. అయినను ఇళ్లలో పలువురు సర్వాధికారిగానే యంత్రమును నడుపుటచే తాళమున్నను తలుపు తెరచియే యుండెను. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టా దీనిని మార్చెను. అధికారియైనను సామాన్యుని వలెనే పని చేయవలెను. పెద్దపని వచ్చినపుడు యంత్రమడుగును, అతడు సమ్మతింపవలెను. వ్యవస్థకు ప్రాణమువంటి ఫైళ్లపై అధికారికి సైతము మార్చు హక్కు లేకుండ చేసిరి.

అధికారమిచ్చిన పిదప

తాళములెందుకని యడుగువారికి 2001 నవంబరునాటి సంఘటన సమాధానము చెప్పును. ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ 2.0ను విడుదల చేసెను. మాక్ ఓ.ఎస్. ఎక్స్ వ్యవస్థకై చేసిన దాని స్థాపక ప్రోగ్రాము మొదట పాత ఐట్యూన్స్‌ను తొలగింపవలెను. ఆ ఆజ్ఞలో డిస్కు పేరుకు ఉల్లేఖన చిహ్నములు పెట్టుట మరచిరి. పేరులో ఖాళీ జాగా యున్నచోట యంత్రము ఒక పేరును రెండుగా చదివి, పాత ప్రోగ్రామునకు బదులు డిస్కులోని సమస్తమును చెరిపివేయుట సంభవించెను. సంస్థ వెంటనే సవరించిన ప్రతిని విడుదల చేసెను. కాని పోయిన ఫైళ్లు పోయినవే. స్థాపక ప్రోగ్రామునకు సర్వాధికార మీయబడి యుండుటచే దానిని వారించు తాళమొక్కటియు లేకపోయెను.

తీయు పద్ధతి

కావున అనుమతి నిరాకరింపబడినపుడు కారణమును వరుసగా వెదకవలెను. మొదటిది, ఆ ప్రోగ్రాము ఇంకను నడచుచున్నదేమో చూడవలెను. విండోస్ నడచుచున్న ప్రోగ్రాము ఫైలును తొలగింపనీయదు. దానిని మూసివేసిన చాలును. రెండవది, ఫోల్డరును చేతితో చెరుపక, వ్యవస్థలోని ప్రోగ్రాముల జాబితా నుండి తొలగింపును కోరి, యంత్రమడిగినపుడు అధికారి రహస్యపదము నీయవలెను. మూడవది, ఆ ఫోల్డరు యజమాని ఎవరో చూడవలెను. యంత్రమునకు మనుష్యులు పేర్లతో కాక సంఖ్యలతో తెలియుదురు. విండోస్‌ను క్రొత్తగా స్థాపించినచో పాతపేరునకే క్రొత్తసంఖ్య వచ్చును. పాత ఫైళ్లు పరాయివారివిగా కనబడును. అట్టి చోట ఫోల్డరు లక్షణములలో భద్రత అను భాగమునకు పోయి యజమానిని మార్చి, ఆ ఒక్క ఫోల్డరునకే అనుమతి నిచ్చి, పని ముగించవలెను. యూనిక్స్ వంటి వ్యవస్థలలో సుడో అను ఆజ్ఞ ఒక్క పనికి మాత్రమే అధికారము నిచ్చును.

చేయరానిదియు నొకటి కలదు. విసుగుతో డిస్కు అంతటికి అందరికి అన్ని అనుమతులు నిచ్చుట, వ్యవస్థకు చెందిన ఫోల్డరుల యజమానిని మార్చుట ప్రమాదకరము. ఒక పెట్టె తాళము తెరచుకొననందున ఇంటి తలుపులన్నియు ఊడదీయుట వంటిదది.

1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో ఒక నియమము కలదు: ఏ ప్రోగ్రామైనను, ఏ మనిషియైనను తన పనికి కావలసినంత అధికారముతోనే పనిచేయవలెను. ఇంటి యంత్రము కాదన్నపుడు అది యజమాని హక్కును ధిక్కరించుట లేదు. అడిగినది నిజముగా యజమానియేనా, అతని పేరిట మరియొకటియా అని విచారించుచున్నది. ఆ ప్రశ్నకు ఆలోచించి సమాధానమిచ్చుట యజమాని వంతు.