నర్సింగ్ సిద్ధాంతం: తెలంగాణ అనుభవం

రోగి దగ్గర నర్సు ఏం గమనించాలి, ఎప్పుడు చెయ్యి అందించాలి, ఎప్పుడు ఆగి చూడాలి, ఎందుకు అన్నవాటికి ఒక పద్ధతిలో చెప్పుకున్న వివరణే నర్సింగ్ సిద్ధాంతం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటి ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ దీనికి మొదలు. గాలి, వెలుతురు, శుభ్రత సరిగ్గా ఉంటే ఒళ్లు తనంతట తానే కోలుకుంటుందన్నది ఆమె వాదన. తర్వాత దాదాపు వందేళ్లు పెద్దగా కదలిక లేదు. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధం కూడా వైద్యంలో భాగమేనని 1952లో హిల్డెగార్డ్ పెప్లావ్ చెప్పారు. మనిషి తన సంరక్షణ తాను చూసుకోలేని చోట నర్సు అవసరమవుతుందని 1971లో డొరోథియా ఓరెమ్ రాశారు. మడెలైన్ లైనింగర్ పాపువా న్యూగినీలో గాడ్‌సప్ ప్రజల మధ్య గడిపి, సంరక్షణ అనే మాటకు సంస్కృతిని బట్టి అర్థం మారుతుందని గ్రహించారు.

మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ 1946లో ఢిల్లీ, వెల్లూరుల్లో మొదలైంది. ఈ సిద్ధాంతాలు మనకు పాఠాలుగా వచ్చాయి, పాఠాలుగానే ఉండిపోయాయి. ఓరెమ్ బంధువులను వదిలేయలేదు గానీ, ఆమె ఆలోచనకు కేంద్రం వ్యక్తే. మన వార్డులో మంచం పక్కన తల్లో, అత్తో ఉంటుంది. గంజి తాగించేదీ, పక్క మార్చేదీ, రాత్రి సిస్టర్‌ను లేపేదీ ఆమే. ఆమెకు చోటివ్వని సిద్ధాంతం ఇక్కడ అసంపూర్ణం.

తెలంగాణలో ఆలోచన ఆచరణకు దిగింది కాన్పు గదిలో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోనే ఎక్కువ. అంతకుముందే 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నొప్పులు పడే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకుండా నడిపించడం, నడుము రుద్దడం, తొందరపెట్టకుండా కనిపెట్టుకుని ఉండటం వాళ్ల పని. మరుసటి ఏడాది కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలిచ్చింది.

మొదటి నుంచి చివరిదాకా ఒకే మిడ్‌వైఫ్ కనిపెట్టుకుని ఉండాలన్నది ఈ విధానానికి ప్రాణం. పాలమూరు ప్రాంతంలోని కొల్లాపూర్ లాంటి చోట అది ఆచారానికి ఎదురుపడుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలో, తొమ్మిదో నెలో వచ్చాక అమ్మాయి సంచి సర్దుకుని కృష్ణ ఒడ్డు ఊరికో, నల్లమల అంచు పల్లెకో తల్లి దగ్గరికి వెళ్తుంది. అప్పటిదాకా బీపీ చూసిన ఏఎన్ఎం అత్తగారి ఊళ్లో ఉండిపోతుంది. పాలమూరు నుంచి కూలికి పుణె, ముంబై వెళ్లిన ఇంట్లోనైతే మూడో చోటు కూడా తోడవుతుంది.

ఈజిప్టులో పుట్టిన అఫాఫ్ మెలెయిస్ జీవితంలోని మార్పుల మీద కట్టిన సిద్ధాంతం తల్లి కావడాన్నీ, వలసనూ పట్టించుకుంది. ఇక్కడ ఆ రెండూ ఒకే నెలల్లో, ఒకే మనిషికి వస్తాయి. ఈ రంగంలో ఇప్పుడు ప్రపంచమంతటినీ వివరించే మహాసిద్ధాంతాలకన్నా, ఒక పరిస్థితిని గట్టిగా పట్టుకునే చిన్న సిద్ధాంతాలవైపే మొగ్గు. పుట్టింటి కాన్పు అలాంటి పరిస్థితే. దాని సిద్ధాంతాన్ని రాయగలిగేది అత్తగారి ఊరి సిస్టర్, పుట్టింటి ఊరి సిస్టర్ కలిసే. ప్రస్తుతానికి వాళ్లిద్దరి మధ్య తిరిగేది అమ్మాయి సంచిలో, చీరల మడతల్లో పెట్టుకున్న తల్లీబిడ్డల కార్డు.