గాజు గొట్టాల తడి కోత

గాజు గొట్టాన్ని డైమండ్ బ్లేడుతో నీటి ధార కింద కోసే పద్ధతి. ఈ పని చేసే పరికరం పేరుకు రంపమే గాని దానికి పళ్లుండవు. లోహపు చక్రం అంచున పొదిగిన వజ్రపు రేణువులు గాజును కొద్దికొద్దిగా అరగదీస్తాయి. కోత అనడం కంటే సానపట్టడం అంటేనే సబబు.

నర్సీపట్నం (అనకాపల్లి జిల్లా) వంటి ఊళ్ల కళాశాల ప్రయోగశాలలకు దీని అవసరం తక్కువ. పెన్సిలు లావు గొట్టమైతే ముక్కోణపు ఆకురాయితో ఒక గీటు పెట్టి, గుడ్డ చుట్టి, గీటుకు వెనకవైపు బొటనవేళ్లు ఆనించి విరిస్తే చాలు. లావు గొట్టాలకు, మందపు గోడలున్నవాటికి ఈ చిట్కా పనిచేయదు. అక్కడే రంపం కావాలి. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి పెద్ద పరిశోధనాలయాలకు ఇది మామూలు పరికరం.

నీరు చల్లబరచడానికేనని సాధారణంగా చెబుతారు, అది సగం మాటే. రాపిడికి ఒక్కచోటే వేడెక్కిన గాజు వ్యాకోచిస్తుంది. పక్కనున్న చల్లని గాజు కదలదు కనుక బీట వారుతుంది. మామూలు సోడా గాజు ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో సుమారు 9 వంతులు సాగితే, బోరోసిలికేట్ 3.3 వంతులే సాగుతుంది. అయినా పొడి కోతకు అదీ తట్టుకోదు. నీటి రెండో పని దుమ్మును అణచడం. గాజు స్ఫటికం కాదు కాబట్టి దాని పొడిని ఇసుక, క్వార్ట్జ్ దుమ్ముతో సమానం చేసి సిలికోసిస్ వస్తుందనడం అతిశయోక్తి కావచ్చు. ఊపిరితిత్తులకు మంచిది కాదన్నది మాత్రం నిజం. బురదను ఎండనిస్తే మళ్లీ దుమ్మే అవుతుంది, అందుకే తడిగా ఉండగానే ఎత్తివేయాలి.

చేతి తొడుగుల విషయంలో రెండు వాదాలున్నాయి. తిరిగే చక్రం వదులు తొడుగును లోపలికి లాక్కుపోతుంది; కోసిన ముక్కలు పట్టుకునేటప్పుడు మాత్రం తొడుగు ఉండాలి. ఈ తేడా పాటించడమే మేలనిపిస్తుంది. కళ్లద్దాలపై వివాదం లేదు. తడి చేతులు, మోటారు ఒకేచోట ఉంటాయి కనుక 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ తప్పనిసరి.

గొట్టాన్ని వి-గాడిలో ఆనించి, బలంగా నెట్టకుండా తిప్పుతూ చుట్టూ కోయాలి. ఒకేవైపు నుంచి పూర్తిగా కోస్తే చివర్లో ముక్క బరువుకు వాలి, అంచు పెచ్చులూడుతుంది. తర్వాత బాగా ఆరబెట్టి, అంచును మంటలో కరిగించి నునుపు చేస్తారు. తడి ఉంటే పగులుతుంది. బోరోసిలికేట్‌ను ఆపై సుమారు 560 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిమిలో ఉంచి నెమ్మదిగా చల్లారుస్తారు.