చేతులు మారిన గొలుసు

మా పుట్టిల్లు కోదాడ వైపు, అత్తవారిల్లు జగ్గయ్యపేట అవతల. బస్సెక్కితే గంట ప్రయాణం. అయినా పొలం మాట వచ్చిందంటే ఒకరి లెక్క ఇంకొకరికి అర్థం కాదు. మా నాన్న "ఒకటి పన్నెండు" అంటే ఎకరం పన్నెండు గుంటలు. గుంటంటే రెండున్నర సెంట్లు కాబట్టి ఇటు లెక్కలో అది ఎకరం ముప్ఫై సెంట్లు. మా అత్తయ్యగారు మాత్రం ఎకరం పన్నెండు సెంట్లే అనుకున్నారు. పెళ్లిమాటల నాడే మా పుట్టింటి పొలం పద్దెనిమిది సెంట్లు తగ్గిపోయిందన్నమాట!

ఈ గుంటలు, సెంట్ల తేడా ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. మామగారు పోయిన ఏడాదికి ఆ అవసరం ఇంట్లోకే వచ్చింది. రెండెకరాల ముప్ఫయ్యారు సెంట్ల చెక్కని మా ఆయన, మా మరిది చెరిసగం పంచుకోవాలి. అన్నదమ్ముల మధ్య మాట తేడా రాకముందే, సర్వేయర్ గారిని పిలవకముందే, మనమే ఒకసారి కొలిచి చూసుకుందామన్నది మా ఆయన ఆలోచన. కొత్త పరికరాలు లక్షల్లో ఉన్నాయి, అందుకని పాతవి వెతకడం మొదలుపెట్టారు. ఆయన సామాను వెతుకుతుంటే నేను దాని వెనక కథలు వెతికాను.

ముందు నన్ను నవ్వించిన సంగతి చెప్తాను. మన దేశాన్ని కొలిచిన మహా సర్వే మొదలైందే సెకండ్ హ్యాండ్ గొలుసుతో! 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ కింద మొదటి ఆధార రేఖ కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ల గీత అది. దాన్ని కొలిచిన వంద అడుగుల ఉక్కు గొలుసుని లండన్‌లో రామ్స్‌డెన్ అనే ఆయన తయారుచేశాడు. 1793లో మకార్ట్నీ రాయబారం చైనా చక్రవర్తి దగ్గరికి తీసుకెళ్లిన సామానులోది. అక్కడ ఆదరణ లేకపోవడంతో, ఆ బృందంలోని డాక్టర్ డిన్విడ్డీతోపాటు కలకత్తా చేరింది. ఆయన దగ్గర లాంబ్టన్ కొనుక్కున్నాడు.

ఇక కోణాలు కొలిచే పెద్ద థియోడొలైట్ కథ ఇంకా చిత్రం. అరటన్ను బరువున్న యంత్రం. ఇంగ్లండు నుంచి వస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్లు ఓడని పట్టుకుని మారిషస్ తీసుకెళ్లారు. అక్కడి గవర్నరు అదేమిటో తెలిశాక మర్యాదగా వెనక్కి పంపించాడు. 1808లో తంజావూరు పెద్దగుడి మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకి కొట్టుకుంది. ఎవరైనా అయితే ఇంగ్లండు తిప్పి పంపేవాళ్లు. లాంబ్టన్ గుడారంలో కూర్చుని, పనివాళ్లని పెట్టుకుని, వారాల తరబడి సొట్టలు తీసి మళ్లీ వాడుకున్నాడు. ఆయన తర్వాత వచ్చిన జార్జ్ ఎవరెస్టు మా వైపు అడవుల్లోనే పని నేర్చుకున్నాడు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య సర్వే చేస్తూ జ్వరంతో మంచాన పడ్డాడు. ఆ పేరు వింటే మనకి హిమాలయమే గుర్తొస్తుంది గానీ, పాపం, ముందు మన దోమలు గుర్తు పెట్టుకోవాలి.

సెంట్ల సంగతికొస్తే, ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన 1620లో ఒక గొలుసు తయారుచేశాడు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. అంటే లక్ష చదరపు లింకులు. పొడవు, వెడల్పు లింకుల్లో గుణించి ఐదు స్థానాలు వెనక్కి చుక్క పెడితే ఎకరాలు వచ్చేస్తాయి. భాగహారం అక్కర్లేదు. 1858లో మొదలైన మద్రాసు రెవెన్యూ సర్వే ఈ లెక్కనే ఊళ్లలోకి తెచ్చింది. ఎకరంలో నూరో వంతు సెంటు, 48.4 చదరపు గజాలు. అంతకుముందు మన వాళ్లు తూమెడు నేల, పుట్టెడు నేల అని విత్తనాల లెక్కన చెప్పుకునేవారు. పంట ఎంతో చెప్పే లెక్క పోయి, వైశాల్యం ఎంతో చెప్పే లెక్క వచ్చింది.

నిజాం రాజ్యంలో 1870ల్లో సాలార్‌జంగ్ హయాంలో జరిగిన సర్వేకి బొంబాయి పద్ధతి నమూనా. వాళ్ల గొలుసు 33 అడుగులే, దాన్ని రూపాయిలాగా పదహారు అణాలుగా విడగొట్టారు. ఆ గొలుసు పొడవు, ఆ గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. నలభై గుంటలు ఎకరం. మా రెండిళ్ల మధ్య ఉన్నది వాగు కాదు, రెండు గొలుసులు అని అప్పుడు అర్థమైంది.

ఇదంతా మా ఆయనకి చెప్పేసరికి ఆయన విజయవాడలో పాత సామాన్ల కొట్టులో ఒక ఇనుప గొలుసు చూసుకొచ్చారు. ఇత్తడి పిడులు, పదేసి లింకులకి ఇత్తడి బిళ్లలు, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నేను వెళ్లి టేపు పెట్టి కొలిపించాను. సరిగ్గా 20 మీటర్లు. మెట్రిక్ కొలతలు వచ్చాక తయారైన గొలుసు, లింకు 20 సెంటీమీటర్లు. గంటర్ లింకు 20.1168. కంటికి తేడా తెలియదు. కానీ మా పొలం ఎఫ్‌ఎంబీ కాగితం మీద అంకెలు పాత లింకుల్లో ఉన్నాయి: కర్ణం 720, దానికి ఒక పక్క లంబం 350, ఇంకో పక్క 305. 655ని 720తో గుణించి సగం చేస్తే 2,35,800, అంటే రెండెకరాల ముప్ఫయ్యారు. ఆ మెట్రిక్ గొలుసుతో కొలిచి అవే లింకులనుకుంటే రెండెకరాల ముప్ఫై తొమ్మిది వస్తుంది. లేని మూడు సెంట్లు! పంపకాల వేళ అలాంటి మూడు సెంట్లు ఇంట్లోకి వస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

కొట్టతను రెండోది తీశాడు. ఇది అసలైన 66 అడుగులది, కానీ బాగా వాడినది. లింకుకీ లింకుకీ మధ్య ఉంగరాలుంటాయి, అవి రాపిడికి వెంట్రుకవాసి చొప్పున అరిగినా వంద చోట్ల కలిసి అంగుళాలవుతాయి. ఇది నాలుగంగుళాలు సాగింది. సాగిన గొలుసు ఉన్న నేలని తక్కువ చూపిస్తుంది. దీంతో కొలిస్తే మా పొలంలో రెండు సెంట్లకి పైగా మాయమైపోతాయి. ఒకే కొట్టులో ఒక గొలుసు పొలాన్ని పెంచుతుంది, ఒకటి తుంచుతుంది. రెండూ వద్దన్నాను.

టోటల్ స్టేషన్ కూడా ఒకటి చూశాం. ఎవరో కాంట్రాక్టరు తీసేసినది. నా లెక్కలో రెండెకరాలకి అది దండగ. అయినా కొనాలనుకునేవాళ్లకి చెప్తున్నా: కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ చూడండి. ఒకే గుర్తుని దుర్భిణి ఇటు తిప్పి ఒకసారి, అటు తిప్పి ఒకసారి చూసి, రెండు కోణాలకీ సరిగ్గా 180 డిగ్రీల తేడా వస్తుందో లేదో చూడమనండి. దానితో వచ్చిన ప్రిజమే ఇస్తున్నారా అని అడగండి. వేరే ప్రిజం తగిలిస్తే ప్రతి దూరంలోనూ కొన్ని సెంటీమీటర్లు అదే పనిగా తప్పుతాయి. బ్యాటరీ సంగతి సరేసరి.

మేము కొన్నవి మూడే. కొత్త 30 మీటర్ల స్టీలు టేపు, పాత క్రాస్ స్టాఫ్ (గీత మీద నిలబడి సరిగ్గా లంబంగా చూడ్డానికి, చీలికలున్న చిన్న తల, కింద కర్ర), ఒక పాత ఆటో లెవెల్. లెవెల్ పంపకానికి కాదు, బోరు నీళ్లు పై మడికి ఎక్కుతాయో లేదో చూసుకోడానికి. దాన్ని మాత్రం కొట్టు వెనక ఖాళీ స్థలంలో పరీక్షించాకే డబ్బిచ్చాం. రెండు మేకులు నలభై మీటర్ల దూరంలో పాతి, సరిగ్గా మధ్యలో లెవెల్ పెట్టి రెంటి ఎత్తుల తేడా చూడాలి. తర్వాత ఒక మేకు పక్కకి జరిపి మళ్లీ చూడాలి. రెండుసార్లూ ఒకే తేడా రావాలి. మొదట చూపించినది పన్నెండు మిల్లీమీటర్లు తప్పింది. పైకి తళతళలాడుతోంది కూడా. రంగు పోయిన రెండోది నిలబడింది.

కొలిచిన రోజు టేపు ఒక చివర మా ఆయన, ఒక చివర మరిది పట్టుకున్నారు. అంకెలు నేను, తోటికోడలు చెరో పుస్తకంలో రాశాం, తర్వాత సరిచూసుకున్నాం. రెండుసార్లు కొలిచాం. కర్ణం 144.8 మీటర్లు, కాగితంతో సరిపోయింది. ఉత్తరం పక్క లంబం 70.4, అదీ సరిపోయింది. దక్షిణం పక్క మాత్రం 61.4 ఉండాల్సింది 60.5 వచ్చింది. రెండోసారీ అంతే. ఆ మూల హద్దురాయి కనబడటం లేదు. గట్టు బాగా వెడల్పుగా ఉంది, దాని అవతల మామగారి పెదనాన్న కొడుకు పొలం. మొత్తం మీద రెండెకరాల ముప్ఫై నాలుగు. కాగితం కంటే సుమారు సెంటున్నర తక్కువ.

మరిదికి కోపం వచ్చింది, గట్టు తవ్వి రాయి తీద్దామన్నాడు. మా ఆయన వద్దన్నారు. మన కొలతతో మనకి తెలిసేది మన సంగతే, హద్దు తేల్చే అధికారం దానికి లేదు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం హద్దు నిర్ణయించాల్సింది సర్వే అధికారి, రాళ్లు కదిపితే శిక్ష కూడా ఉంది. రాయి కదిలిందో, గట్టు జరిగిందో, ఆనాటి చైన్‌మన్ లాగిన గొలుసే వదులుగా ఉందో ఇంట్లో కూర్చుని ఎవరం చెప్పలేం.

అన్నదమ్ములిద్దరూ ఉన్నదాన్ని చెరి ఎకరం పదిహేడుగా రాసుకున్నారు. దక్షిణం మూల తేలాక వచ్చేదేమైనా ఉంటే సగం సగం అని కింద ఇంకో వాక్యం రాశారు. హద్దులు చూపమని మండలంలో దరఖాస్తు ఇచ్చాం. సర్వే తేదీకి ముందు చుట్టుపక్కల వాళ్లకి నోటీసు వెళ్తుంది. ఆ కాగితం చేతికి అందేదాకా ఆగితే బావుండదని, అత్తయ్యగారు ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లారు. గంటన్నర కూర్చుని వచ్చారు. "సర్వేకి తనూ వస్తానన్నాడు. వాళ్ల పడమటి మూల కూడా ఒకసారి చూసి పెట్టమన్నాడు, టేపు తీసుకురమ్మన్నాడు" అన్నారు.