రిమోట్‌ని కొట్టకండి, విప్పండి: 70 ఏళ్ల కథ

ఇవాళ మన ఇళ్లలో అందరికంటే ఎక్కువ దెబ్బలు తినే వస్తువు గురించి మాట్లాడుకుందాం. అదే, టీవీ రిమోట్. పని చేయకపోతే అరచేతి మీద రెండు కొడతాం, బ్యాటరీలు అటూ ఇటూ తిప్పుతాం, అప్పటికీ కదలకపోతే "ఇది పోయింది, కొత్తది తెచ్చేయండి" అంటాం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. బగ్ దొరకాలంటే ముందు ఆ కోడ్ అలా ఎందుకు రాశారో తెలియాలి. రిమోట్‌కి కూడా అంతే.

అమెరికాలో జెనిత్ అనే టీవీ కంపెనీ 1950లో 'లేజీ బోన్స్' అని ఒక రిమోట్ తెచ్చింది. దానికి టీవీ దాకా పొడవాటి వైరు ఉండేది. హాల్లో నడిచేవాళ్ల కాళ్లకి అది తగులుకునేది. అందుకే 1955లో అదే కంపెనీ ఇంజనీర్ యూజీన్ పోలీ, వైరు లేని 'ఫ్లాష్-మ్యాటిక్' తయారు చేశాడు. చూడ్డానికి పిస్టల్‌లా ఉండే టార్చిలైటు అది. టీవీ తెర నాలుగు మూలల్లో నాలుగు ఫోటోసెల్స్. ఒక మూల మీద వెలుగు వేస్తే చానల్ మారుతుంది, ఇంకో మూల మీద వేస్తే సౌండ్ ఆగుతుంది.

ఐడియా అదిరింది కదా? కానీ కిటికీలోంచి ఎండ పడినా టీవీ స్పందించేది! ఎవరూ ముట్టుకోకుండానే చానల్ మారిపోయేది.

దాంతో 1956లో రాబర్ట్ అడ్లర్ అనే శాస్త్రవేత్త 'స్పేస్ కమాండ్' తెచ్చాడు. అందులో అసలు బ్యాటరీయే లేదండి! బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడుతుంది, మన చెవికి వినపడని శబ్దం పుడుతుంది, టీవీ దాన్ని వింటుంది. బ్యాటరీ ఎందుకు వద్దన్నారంటే, అది అయిపోతే జనం టీవీయే పాడైందనుకుంటారని కంపెనీ భయం. ఆ భయం ఎంత నిజమో మనకి తెలుసు కదా.

శబ్దంతో నడిచే రిమోట్లు దాదాపు పాతికేళ్లు రాజ్యమేలాయి. పేరంతా ఎక్కువగా అడ్లర్‌కే వచ్చింది, పోలీ పక్కకి వెళ్లిపోయాడు. కానీ 1980ల నాటికి రిమోట్లు మళ్లీ వెలుగు వైపే తిరిగాయి. ఈసారి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. మరి ఎండ సంగతేంటి? రిమోట్‌లోని ఎల్‌ఈడీ సెకనుకి సుమారు 38 వేల సార్లు ఆరి వెలుగుతుంది. టీవీలోని రిసీవర్ ఆ వేగంతో మినుకుమనే వెలుగునే పట్టించుకుంటుంది. ఎండ అలా మినుకుమనదు కాబట్టి దాన్ని వదిలేస్తుంది. అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్నది, లోపం సరిచేసిన పోలీ ఐడియానే. 1997లో ఇద్దరికీ కలిపి ఎమ్మీ అవార్డు ఇచ్చారు.

ఇప్పుడు రిపేరుకి వద్దాం. ముందు ఫోన్ సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, రిమోట్ ముందు భాగం దానికి చూపించి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో ఊదారంగు వెలుగు మినుకుమంటూ కనపడుతుంది. కనపడితే రిమోట్ బతికే ఉంది, టీవీ వైపు చూడాలి. ఏ బటన్‌కీ కనపడకపోతే ముందు బ్యాటరీలు మార్చండి. స్ప్రింగుల దగ్గర తెల్లపొడి పేరుకుంటే, బ్యాటరీలు తీసేసి, ఇయర్‌బడ్‌ని కొంచెం వెనిగర్‌లో ముంచి తుడిచి, బాగా ఆరనివ్వండి. మనం కొట్టినప్పుడు రిమోట్ ఒక్కోసారి పనిచేసేది కూడా ఇందుకే, వదులైన బ్యాటరీ కదిలి స్ప్రింగుకి తగులుతుంది.

కొన్ని బటన్లే మొరాయిస్తుంటే రిమోట్ విప్పాల్సిందే. బటన్ల రబ్బరు షీటు కింద నల్లటి కార్బన్ చుక్కలుంటాయి. బటన్ నొక్కితే ఆ చుక్క బోర్డు మీద సర్క్యూట్‌ని కలుపుతుంది. మధ్యలో జిడ్డు చేరితే కలవదు. రబ్బరు షీటు విడిగా తీసి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. బోర్డుకి మాత్రం నీళ్లు వద్దు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చుక్క అరిగిపోయి ఉంటే, అంతే సైజులో అల్యూమినియం ఫాయిల్ కత్తిరించి అంటించినా పనిచేస్తుంది.

ఎండ దెబ్బకి పక్కన పెట్టేసిన ఐడియాలో నిజానికి చెడింది ఒక్క చోటే. మీ రిమోట్‌లో కూడా చాలాసార్లు పాడయ్యేది ఒక్క చోటే. చెత్తబుట్టలో వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. మీ రిమోట్‌కి ఏమైందో కామెంట్స్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.