రెండు సింగిల్స్, ఒకే వాదన

ఓజేస్ గాయక బృందం పేరు చెప్పగానే సోల్ సంగీతాభిమానులకు రెండు పాటలు తడతాయి. స్నేహితుల ముసుగులో వెన్నుపోటు పొడిచేవాళ్ల గురించి హెచ్చరించే ‘బ్యాక్ స్టాబర్స్’ ఒకటి, దేశదేశాల జనాన్ని ఒకే రైలెక్కమనే ‘లవ్ ట్రెయిన్’ మరొకటి. మొదటిది 1972లో అమెరికా పాప్ పట్టికలో మూడో స్థానం దాకా వెళ్లింది. రెండోది 1973 మార్చిలో ఏకంగా మొదటి స్థానానికే ఎక్కింది. విడివిడిగా రేడియోలో మోగడం వల్ల ఒకటి వీధిలో వినిపించే ఫిర్యాదుగా, ఇంకొకటి అమాయకమైన కలగా పేరుపడ్డాయి. ఈ అంచనా తప్పు. రెండూ 1972లో వచ్చిన ‘బ్యాక్ స్టాబర్స్’ ఎల్పీలోవే. ఆ ఎల్పీ ప్రపంచం శాంతించే రోజును ఊహించే పాటతో మొదలవుతుంది. ఆ వెంటనే వెన్నుపోటు పాట వస్తుంది, ‘లవ్ ట్రెయిన్’ చిట్టచివర వస్తుంది. పక్కనున్న మనిషినే నమ్మలేనప్పుడు ప్రపంచశాంతి మాటకు అర్థమేమిటన్నది ఇందులోని ప్రశ్న. అనుమానాన్ని దాటి వచ్చాక వింటే ఆ రైలు పిలుపు అమాయకంగా అనిపించదు.

ఈ బరువు మోయగలిగిన గొంతులు ఒక్కరోజులో తయారైనవి కావు. ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో ఎడీ లెవర్ట్, వాల్టర్ విలియమ్స్ చిన్నప్పుడే చర్చి పాటలు పాడారు. విలియం పావెల్ కూడా ఉన్న వీళ్ల బృందం పెద్ద విజయం కోసం పదేళ్లకు పైగా ఎదురుచూసింది. నిర్మాతలు కెనీ గ్యాంబుల్, లియన్ హఫ్‌ల ఫిలడెల్ఫియా ఇంటర్నేషనల్ రికార్డు సంస్థకు వచ్చాకే దశ తిరిగింది. సిగ్మా సౌండ్ స్టూడియోలో చేసిన ఆ శీర్షిక పాట ఎలా ఎత్తుకుంటుందో గమనించండి. పియానో మంద్రంలో ఉరుములా దొర్లుకొస్తుంది, వయొలిన్లు చేరతాయి, అర నిమిషం గడిచినా గొంతు వినబడదు. థామ్ బెల్ కూర్చిన ఈ ఆరంభం వల్ల, మాట పుట్టకముందే వినేవాడి మనసులో అనుమానం పుడుతుంది.

ఇదంతా నిర్మాతల ప్రతిభే, ఎవరు పాడినా ఇలాగే ఉండేదని కొందరంటారు. వాద్యబృందం గొప్పదే, సందేహం లేదు. కానీ ఆ నునుపైన వయొలిన్ల మీద లెవర్ట్ గరుకు గొంతు రాపిడి పెట్టకపోతే హెచ్చరిక కాస్తా అలంకారమైపోయేది. పాటల వరస యాదృచ్ఛికం, అమ్ముడయ్యే పాటలను పోగేశారంతే అన్నది ఇంకొంచెం గట్టి అభ్యంతరం. ‘సన్‌షైన్’ లాంటి మామూలు ప్రేమపాటలు ఇందులో ఉన్న మాట నిజమే. ప్రతి పాటా ఒకే సూత్రానికి ఒదగదు. అయినా శాంతి పాటను ముందు, రైలు పాటను చివర పెట్టి, సోమరులనూ అసూయాపరులనూ ఎండగట్టే మరో పాటను నడుమ ఉంచిన తీరు కాకతాళీయమంటే నమ్మడం కష్టం. పైగా 1973లో ఇదే జట్టు ‘షిప్ అహోయ్’ ఎల్పీ చేసింది. ఆఫ్రికన్లను బానిసలుగా మోసుకొచ్చిన ఓడల గురించిన దాని శీర్షిక పాట తొమ్మిది నిమిషాలు దాటుతుంది. రేడియో సింగిల్ కోసం అంత పొడవు పాట ఎవరూ కట్టరు.